బావ తెచ్చిన జిగురు

బావ తేనెటీగలు పెంచేవాడు. పెట్టెల పగుళ్లు పూడ్చుకోవడానికి ఈగలు పులిమే నల్లటి జిగురును గీకి, డబ్బాల్లో నింపి, మరదలు పనిచేసే ప్రయోగశాలకు తనే తెచ్చి ఇచ్చేవాడు.

"మా ఈగలకు జీతం పెంచమని మీ సారుతో చెప్పు మరదలా! లేకపోతే సమ్మె చేస్తాయి" అనేవాడు గేటు దగ్గరే, వాచ్‌మన్‌కు కూడా వినపడేలా.

ఆ జిగురులోని ఒక పదార్థం గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. చిక్కల్లా ఒంట్లోకి వెళ్లాకే. రక్తంలో కలిసీ కలవకముందే ముక్కలైపోతుంది. అది ఎక్కడ విరుగుతుందో చూసి, అక్కడ నిర్మాణం మార్చి గట్టిపరచడం ఆమె పని. పెళ్లి మాటెత్తితే "ముందు దీన్ని నిలబడనీ" అనేంతగా ఆ పనిలో కూరుకుపోయింది.

చివరికి ఒక కొత్త రూపం రక్తంలో నిలబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బావకు క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. కాలేయానికి పాకిందనీ, ఆపరేషన్‌కు వీల్లేదనీ డాక్టరు చెప్పేశాడు.

అక్క తిన్నగా ప్రయోగశాలకే వచ్చింది.

"మీ మందు పనిచేస్తోందటగా?"

"పళ్లెంలో అక్కా. ఇప్పుడే ఎలుకలకు ఇస్తున్నాం."

"ఆయనకూ ఇవ్వవే. నీ కాళ్లు పట్టుకుంటాను."

"అంత మాట అనకే!" అంటూ ఆమె అక్క చేతులు పట్టుకుంది.

ఎలుకల్లో కణితి కొద్దిగా తగ్గింది. కాలేయాలు మాత్రం పాడైపోయాయి. కోసి చూసింది ఆమే. ఆ సాయంత్రమే వెళ్లి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎలుకలు వేరు, మనుషులు వేరని నువ్వే అన్నావు కదే ఒకప్పుడు!"

తను అన్న మాట నిజమే.

అక్క ఊరుకోలేదు. డబ్బాలో మిగిలిన పచ్చి జిగురునే నూరి, గోరువెచ్చని నీళ్లలో కలిపి బావకు తాగించడం మొదలుపెట్టింది. మరదలు చూడబోయినప్పుడు బావ మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. అక్క గిన్నె కడగడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"ఇది దండగని దానితో అనకు. దాని చేతులకు ఏదో ఒక పని ఉండాలిగా."

"చేదుగా లేదా బావా?"

"మీ అక్క కాఫీ తాగినవాణ్ణి, ఇదో లెక్కా?"

ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మర్నాటి నుంచి జిగురు తనే నూరి పెట్టేది. అందువల్ల ఒరిగేదేమీ లేదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే.

ఎండలు ముదరకముందే బావ పోయాడు.

కొన్నాళ్లకు అక్క, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఆ మందు ఏమైందే?"

"మళ్లీ మారుస్తున్నాం అక్కా. కాలేయం పాడవకుండా."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"తెలీదు."

అక్క తరగడం ఆపి, కత్తి పక్కన పెట్టి, అలాగే కూర్చుంది. చెల్లెలు కూడా లేవలేకపోయింది.