వెన్న పాదాలు

"ఇవాళ ఈ తలుపు తీశామంటే సాయంత్రానికి రెండిట్లో ఒకటి మిగలదు," అంది జెన్నీన్ పెల్టియే.

స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లికూనల ఇసుక పెట్టె శుభ్రం చేస్తూ అంది. నడవా అవతల వంటింట్లో ఉన్న అత్తగారికి వినబడాలనే అంది. చెంచా కప్పుకు తగిలిన చప్పుడు తప్ప అటునుంచి ఏమీ రాలేదు. అటునుంచి మాట వచ్చి ఒక చలికాలం గడిచిపోయింది.

జెన్నీన్ పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. బడి వంటశాలలో ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలిపోయాయి. జుట్టుకు వల కట్టీ కట్టీ నుదుటి మీద పడిన గీత ఆదివారాలు కూడా పోదు. బాత్‌టబ్ వెనక నుంచి రెండు జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఒక కూన బూడిదరంగుది, ఇంకొకటి మూడు రంగులది. పేర్లు పెట్టలేదు. పేరు పెట్టినది పోతే రెండింతలు ఏడవాల్సొస్తుందని ఆమె భయం.

బడి వెనక సరుకులు దింపే చోట, వీటి తల్లిని లారీ తొక్కేసిన మర్నాడు, వంటశాలలో తనతో పనిచేసే లొరేన్ వీటిని ఉల్లిపాయల పెట్టెలో పెట్టి తెచ్చింది. పెంచే పద్ధతీ తనే చెప్పింది. ముందు చిన్న గదిలో ఉంచాలి. ఆ గది తమదనుకున్నాక, ఒక్కొక్క గదీ చూపించాలి. మెత్తటి గుడ్డతో వాటి చెంపలు నిమిరి, ఆ గుడ్డను బల్లకాళ్ళకీ సోఫా అంచులకీ వాటి ఎత్తులోనే రుద్దాలి. అప్పుడు తమ వాసన తమకే ఎదురొచ్చి బెరుకు పోతుంది. జెన్నీన్ అవన్నీ చేసింది. ఆపైన తనే కూన అయినట్టు ఇల్లంతా పాకి చూసింది. పొయ్యి వెనక సందులో గుడ్డలు కుక్కింది, పరదా తాళ్ళు పైకి ముడేసింది, బట్టలారబెట్టే మెషీన్ తలుపుకు టేపు అంటించింది. ఆమె పాకుతూ దగ్గరికి వచ్చినప్పుడల్లా అత్తగారు ఓదీల్, తుడుపునీళ్ళు వచ్చినట్టు, కాళ్ళు పైకెత్తి కూర్చుంది.

ఓదీల్ కుర్చీ వెనక్కి వాలే రకం. అలాంటి కుర్చీ కిందికి దూరిన కూనలు, కుర్చీ మడిచేటప్పుడు నలిగిపోయిన కథలు లొరేన్ దగ్గర బోలెడున్నాయి. అందుకని జెన్నీన్ కుర్చీ వాలకుండా కింద చెక్కముక్క ఒకటి బిగించింది. మర్నాటికి అది కట్టెల పొయ్యిలో ఉంది. ఇంకోటి పెట్టింది. అదీ పొయ్యిలోకే పోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

వంటింట్లోకి వెళ్ళి ప్లోయ్‌లు పోసింది. ఒక పక్కే కాల్చే ఆ గోధుమరంగు అట్లు ఓదీల్‌కు ప్రాణం. గుడ్డ కప్పి, పక్కన వెన్న పెట్టి, గాలితో చెప్పినట్టు చెప్పింది. మధ్యాహ్నం దాకా స్నానాలగది తలుపు తీయొద్దనీ, తను వచ్చాక దగ్గరుండి తీస్తాననీ, క్లొడెట్ కారు అంతకంటే ముందు రాదనీ. ఓదీల్ కిటికీలోంచి నది వైపు చూస్తూ ఉండిపోయింది. మంచు విరుగుతున్న ఏప్రిల్ అది. అవతలి ఒడ్డున కెనడా బురద రంగులో ఉంది.

క్లొడెట్ ఓదీల్ కూతురు, బ్యాంగర్ పట్నంలో ఉంటుంది. అమ్మను తీసుకుపోవడానికి వస్తోంది. తీసుకుపొమ్మని ఫోన్ చేసి అడిగింది ఓదీలే. ఆ కబురు జెన్నీన్‌కు క్లొడెట్ చెబితే తెలిసింది. ఒకే కప్పు కింద ఉన్న మనిషి వెళ్ళిపోతోందన్న మాట బ్యాంగర్ చుట్టి రావాల్సొచ్చింది.

ఆ కప్పే అన్నిటికీ మూలం. జనవరిలో కప్పు మీద మంచు పేరుకుంటే జెన్నీన్‌కు నిద్ర పట్టలేదు. దూలం కిర్రుమంటోంది, పడుకున్న వాళ్ళం పడుకున్నట్టే పోతాం అని మొగుణ్ణి సతాయించింది. నోర్మన్ నవ్వాడు, విసుక్కున్నాడు, చివరికి నిచ్చెన వేసుకుని మంచు లాగడానికి వెళ్ళాడు. సగం లాగాక గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. కప్పుకు ఏమీ కాలేదు. చావు భోజనం దగ్గర, చర్చి కింది హాల్లో, అందరూ వింటుండగా ఓదీల్ అంది: "వాణ్ణి గుండె చంపలేదు. నీ భయం చంపింది."

అదే ఆమె కోడలితో అన్న చివరి మాట. ఇవాళ మాట్లాడకుండా కారెక్కితే ఇక ఎప్పటికీ అదే చివరి మాట. జెన్నీన్‌కు ఇంకో మాట కావాలి. తిట్టయినా సరే, దాని తర్వాత వచ్చిన మాట ఏదైనా కావాలి.

బడిలో ఆ రోజు ఉడకేసి మెదిపిన ఆలుగడ్డ, గ్రేవీ. ట్రేలు నింపుతున్నంతసేపూ కూనల గురించే మాట్లాడింది. కిటికీ జాలీ వదులుగా ఉందని, సూది మింగేస్తాయేమోనని. "నువ్వు స్వర్గానికి పోయినా మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా అని అడిగి గానీ ఎక్కవు," అంది లొరేన్. వరసలో నిలబడ్డ పిల్లలు కూడా నవ్వారు. జెన్నీన్ నవ్వలేదు. కమ్మీ లేకపోతే ఎక్కడం ఎలాగా అనే ఆలోచించింది.

పని ముగించి ఇంటికొచ్చేసరికి స్నానాలగది తలుపు బార్లా తీసి ఉంది.

బాత్‌టబ్ వెనక ఏమీ లేదు. నడవాలో నేలంతా జిడ్డు. అడుగు జారి గోడ పట్టుకుంది. కిటికీ వెలుగులో వంగి చూస్తే చిన్న చిన్న జిడ్డు మచ్చలు గదుల్లోకి పోయి, తిరిగొచ్చి, ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. నూనె ఒలకబోసిందా, ఏదైనా మందు పెట్టిందా? పొయ్యి వెనక గుడ్డలు పీకింది. ఆరబెట్టే మెషీన్ టేపు చింపి లోపల తల పెట్టి చూసింది. మంచాల కింద పాకింది. బోర్లా పడుకుని ఓదీల్ కుర్చీ కింద చెయ్యి పెట్టి తడిమింది. కుర్చీలో ఓదీల్ కోటు తొడుక్కుని, ఒళ్ళో ఊలు దుప్పటి కప్పుకుని, ప్రయాణానికి సిద్ధంగా ఉంది. చూస్తోంది, అంతే.

జెన్నీన్ లేచి నిలబడింది. "కొడుకు పోయినందుకు నన్ను కాల్చుకుతినండి, పడతాను. ఆ రెండూ మీకేం చేశాయి? పోతూ పోతూ వాటిని కూడా పోగొట్టాలా?"

అప్పుడు దుప్పటి కదిలింది. అంచు కిందనుంచి ఒక బూడిదరంగు చెవి బయటికొచ్చింది. దాని పక్కన మూడు రంగుల వీపు, ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. రెండూ అక్కడే ఉన్నాయి. ఆమె వెతికినంతసేపూ అక్కడే ఉన్నాయి. ఇల్లంతా పాకించి, మెషీన్లో తల పెట్టించి, ఒక్క మాట అనకుండా చూస్తూ కూర్చుంది ముసలిది.

వాకిట్లో కారు ఆగింది. క్లొడెట్ లోపలికి వస్తూనే జారి, బల్ల పట్టుకుని, నేల వైపు చూసి వాసన పట్టింది. "మెమే, వెన్న రాశావా నువ్వు?" బామ్మను పిల్లలు పిలిచే ఆ పిలుపే ఇప్పుడు ఇంట్లో అందరికీ అలవాటైంది. ఓదీల్ దుప్పటి సర్దుకుంది.

పెట్టె మోస్తూ క్లొడెట్ వదినగారికి చెప్పింది. ఆలుగడ్డల పొలంలో ఉన్న రోజుల్లో కొత్తగా తెచ్చిన ప్రతి పిల్లి పాదాలకూ వాళ్ళ నాయనమ్మ వెన్న రాసి ఇంట్లో వదిలేదట. నాక్కుంటూ, నడుస్తూ, మళ్ళీ నాక్కుంటూ ఆ వెన్నంతా అయిపోయేసరికి ఆ ఇల్లు దానిదైపోతుంది. ఇక ఎక్కడికీ పోదు. "మా అమ్మ ఒక్క పిల్లికీ రాయలేదు తెలుసా? పిల్లులంటే గిట్టదు ఆవిడకి," అని నవ్వింది క్లొడెట్. వెన్న తింటే కడుపు చెడుతుందేమో అనబోయి జెన్నీన్ నోరు మూసుకుంది.

ఓదీల్ కూనలను ఒక్కొక్కదాన్నే కుర్చీలోకి దింపి, జెన్నీన్ చెయ్యి అందించినా పట్టుకోకుండా, గోడ పట్టుకుని కారు దాకా నడిచింది. ఆలుగడ్డలు ఏరే గోదాములో పనిచేసి వంకర్లు పోయిన వేళ్ళతో సంచీని మోకాళ్ళ మీద బిగించి పట్టుకుని కూర్చుంది. జెన్నీన్ ఇంటి చెప్పులతోనే బురదలో నిలబడింది. చెప్పాలనుకున్న మాటలు చలికాలమంతా పేర్చుకుని ఉంది.

"మెమే," అంది. "ఆ వెన్న ఒకసారి రాస్తే చాలా? మళ్ళీ రాయాలా?"

ఓదీల్ అద్దంలోంచి ముందుకే చూస్తోంది. క్లొడెట్ ఇంజన్ స్టార్ట్ చేసింది. తల్లి వైపు చూసింది, వదిన వైపు చూసింది, చెయ్యి గేరు మీదే ఉంచి ఆగింది. నది మీద మంచు పలక ఒకటి పగిలి, రుద్దుకుంటూ కిందికి పోయింది. జెన్నీన్ చెప్పుల్లోకి నీళ్ళు ఎక్కాయి. ఇక రాదనుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందుకాళ్ళకే రాశాను," అంది ఓదీల్. గొంతు తుప్పు పట్టినట్టుంది. తల తిప్పలేదు. "వెనక కాళ్ళకి నా వేళ్ళు సాగలేదు. అవి నువ్వు రాయి. సాసరు వాటికి అందకుండా కిటికీ గట్టు మీద పెట్టాను."

గట్టు మీద సాసరు ఎండకు వెచ్చబడి ఉంది. అందులో సగం వెన్న, వెన్నలో రెండు వంకర వేళ్ళు తోడిన చాళ్ళు, వాటి అంచున అతుక్కుపోయిన ఒక బూడిదరంగు వెంట్రుక.