కళ్లు మూసుకోని స్నానం

కదిరమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి పట్టుదారాన్ని కండెకు ఎక్కిస్తోంది. కబ్బన్‌పేటలో శ్రీనివాసప్ప మగ్గాల కొట్టంలో పదకొండేళ్లుగా ఆమె పని అదే. పెద్ద చేతులు, వెడల్పాటి మణికట్లు, వాటికి కష్టంగా ఎక్కించిన గాజులు. దారం తెగితే నాలుకతో తడిపి, కంటికి ఆననంత సన్నగా ముడి వేస్తుంది. సొంతూరు ఆనేకల్ వదిలి చీర కట్టుకుని వచ్చిన ఆమెను శ్రీనివాసప్ప పనిలో పెట్టుకున్నది ఆ ముడి చూసే. పిలవడం మాత్రం ఇప్పటికీ "కదిరప్పా" అనే.

ఆ రోజు పొద్దుటి నుంచి మూడుసార్లు దారం తెగింది.

"ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"బాగానే ఉండాను సామీ. శుక్రవారం నుంచి రెండు నెల్లు పనికి రాలేను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ, తాను నిర్ణయించేసుకున్నట్టు ఆమెకే తెలియలేదు.

ఒంట్లోని మగతనాన్ని కోసి తీసే పనిని, మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతికే కదిరమ్మలాంటివాళ్లు నిర్వాణం అనేవాళ్లు. చేసే పెద్దామె కోలారు నుంచి శుక్రవారం వస్తుంది. రెండేళ్ల కిందట, 1944లో, వాళ్లలోనే ఒకతె అయిన మారెమ్మ చేయించుకుని మూడోనాడు జ్వరంతో పోయింది. ఆమెను పాడె మీదికి ఎత్తినవాళ్లలో కదిరమ్మ ఒకతె.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, తనను కూతురిగా చేసుకున్న పాపక్కకు సంగతి చెప్పింది. పాపక్క ఎప్పుడో ఇరవయ్యేళ్ల వయసులో చేయించుకుంది.

"నాకోసమైతే వద్దు కదిరీ. చేసుకోకున్నా నువ్వు నా కూతురివే. మారెమ్మను చూస్తివి కదా."

"చూస్తిని. బెదురుగానే ఉండాది. నీకోసం కాదమ్మా. ఇన్నేండ్లూ కండ్లు మూసుకునే నీళ్లు పోసుకుంటి. ఇంక నా చేత కాదు."

పాపక్క ఆమె పళ్లెంలో ఇంకో సంగటి ముద్ద పెట్టింది.

"తిను. ఒంట్లో రగతం ఉండల్ల."

కదిరమ్మ బతికింది. పన్నెండు రోజులు జ్వరం వదల్లేదు. పాపక్క నీళ్లు కాచింది, గంజి తాగించింది, కాపడం పెట్టింది. అరవై దాటిన ఆమెకు అప్పటికే ఆయాసం. ముప్పైతొమ్మిదో రోజు మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చున్నది అలాగే పోయింది. నిద్రపోతోందనుకుని కదిరమ్మ చాప మీది నుంచే రెండుసార్లు పిలిచింది.

నిర్వాణమైన నలభయ్యోనాడు స్నానం చేయించి, కొత్త చీర కట్టి చేసే వేడుక వద్దనుకున్నారు. స్నానం మాత్రం ఆపకూడదన్నారు పెద్దవాళ్లు. దగ్గరుండి పోయాల్సిన మనిషి లేదు. కదిరమ్మ తలుపు మూసుకుని, కళ్లు తెరుచుకుని, తన నీళ్లు తానే పోసుకుంది. ఒళ్లంతా ఒకసారి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఆ రోజు కట్టుకోవలసింది ఆకుపచ్చ చీర. దానికోసం కదిరమ్మ, పాపక్క పెట్టెను తెరిచింది. చీర మడతల మధ్య, కదిరమ్మ కొలతకు కత్తిరించిన అదే రంగు రవికె ఉంది. ఒక చెయ్యి కుట్టడం అయింది. రెండో చేతికి సగం దాకా కుట్లు పడి, సూది గుడ్డలో గుచ్చి ఉంది.