జిద్దు

మృత్యుంజయరావు అని పేరు పెట్టుకున్న మనిషి కూడా పోతాడని దిల్‌సుఖ్‌నగర్ పాఠకులు కలలో కూడా అనుకోలేదు. పోయాడు. పోతూ పోతూ కంప్యూటర్‌లో ఒక నవల వదిలిపోయాడని తెలిసిన దగ్గర్నుంచి, మనిషి పోయిన దుఃఖం కిందికి దిగి, నవల రాలేదన్న కోపం పైకెక్కి కూర్చుంది. పెద్దకర్మ భోజనాల్లోనే ఆయన భార్యను అడిగారు, ఎప్పుడొస్తుందని. భర్త పటం పక్కన కూర్చున్న కుసుమకుమారి దీపంలో వత్తి ఎగదోసింది. అడిగినవాళ్ళు వెళ్ళి గారెలు రెండోసారి వేయించుకున్నారు.

ఈ అభిమానులు ఆదివారం పొద్దున మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక టీ హోటల్లో చేరేవాళ్ళు. అందరిలోకీ పెద్ద మట్టయ్య. చిట్యాల పక్క పల్లెవాడు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనవాడు. 'డ్రైవర్‌తో మాట్లాడరాదు' అని వీపు వెనక రాయించుకుని బతుకంతా బండి నడిపాడు గదా, మింగిన మాటలన్నీ కడుపులో పులిసి పులిసి, రిటైరైన మర్నాడే మూత ఎగిరిపోయిందని అతని భార్య అండాలమ్మ చెప్పుకునేది. ఆ మూత ఎక్కడ పడిందో ఇంతవరకు దొరకలేదు.

మృత్యుంజయరావు బతికున్న రోజుల్లో ఆ మూత లేని కుండ ఎల్బీనగర్‌లో ఆయన ఫ్లాట్‌లోనే ఎక్కువగా పొంగేది. మట్టయ్య బెల్ కొట్టి, చెప్పులిప్పి, సోఫాలో కూర్చుని మొదలుపెట్టేవాడు. ఒకసారి సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరు దాటినంక స్టీరింగు చేతికి ఊడొస్తే, ఆ బొక్కలో గడ్డపార గుచ్చి, దాన్నే తిప్పుకుంటూ బండిని డిపోకు చేర్చాడట. ప్యాసింజర్లు దిగుతూ ఇవాళ బండి మెత్తగా పోయిందన్నారట. ఇలాంటివి విని కోస్తావాడైన ఆ రచయిత కళ్ళు మూసుకుని, "చెప్పండి మట్టయ్యగారూ, చెబుతూ ఉండండి" అనేవాడు. అంత మర్యాదగా వినే మనిషిని మట్టయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇంట్లో అండాలమ్మ అయితే మొదటి మాటకే టీవీ సౌండు పెంచేది.

రచయిత చివరి రోజుల్లో దవాఖానలో ఉంటే మట్టయ్య చూడబోయాడు. ముక్కు మీద మాస్కు, గొంతులో గురగుర. అయినా ఆయన మట్టయ్య చేయి పట్టుకుని, మీ మీదే రాస్తున్నానండీ నవల, అయిపోవచ్చింది అన్నాడు. పేరేందని అడిగితే మాస్కులోంచి ఒక్క మాట ఊపిరిలాగా వచ్చింది. జిద్దు.

మట్టయ్యకు ఒళ్ళు పులకరించింది. వాళ్ళ దిక్కు జిద్దు అంటే పంతం, పట్టిన పట్టు విడవకపోవడం. గడ్డపారతో బండి నడిపినవాడికి అంతకన్నా తగిన పేరేముంటుంది?

ఆ వారంలోనే రచయిత పోయాడు. పోయాక వచ్చిన మొదటి ఆదివారమే మట్టయ్య టీ హోటల్లో చెప్పేశాడు. బ్యాంకులో పనిచేసే విజయశ్రీ, ఆవిడది గుంటూరు వైపు, జిద్దు అంటే ఏమిటండీ అని అడిగి మరీ ఫోనులో రాసుకుంది. కోచింగ్‌కు వచ్చి పుస్తకాల్లో పడ్డ అభిలాష్ అనే కుర్రాడు అదే రోజు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అప్పట్నుంచి మట్టయ్య దశ తిరిగింది. మొదటి టీ అతనికే, ఫ్యాను కింది కుర్చీ అతనికే. నవలలో ఏముందో తెలుసుకోవాలని అందరూ నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే, అతను వారానికో అధ్యాయం వండి వడ్డించాడు. ఒక అధ్యాయంలో హీరో మూసీ వరదకు ఎదురు బస్సు ఈదించాడు. ఎవరూ కాదనలేదు. రచయిత లేడు గదా.

ఒక్క అండాలమ్మే నమ్మలేదు. ఆమె అతని మాట ఏనాడు నమ్మింది గనుక? పెళ్ళిచూపుల్లో తనకు రెండు బావులున్నాయని చెప్పినవాడు. అందుకే పుస్తకం ఆవిష్కరణ తేదీ వచ్చాక మట్టయ్య పట్టుబట్టి భార్యను బయల్దేరదీశాడు. చిట్యాల నుంచి ఆమె అన్నదమ్ములను కూడా పిలిపించాడు. చచ్చేలోగా ఒక్కటంటే ఒక్కటి, ఆమె ముందర నిజమని తేలాలి. అతనికి కావలసింది అంతే.

"సరే తియ్యి," అంది ఆమె, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఇన్నేండ్లకు నీ నోట్లకెల్లి ఒక నిజమొస్తదంటే చూడనీకి రావాలె గద."

ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. జనం గోడల వెంట నిలబడ్డారు. మట్టయ్య, ఇస్త్రీ తెల్లచొక్కా, ముందు వరుస. పక్కన అండాలమ్మ, ఆ పక్కన బావమరదులు. స్టేజీ మీద కుసుమకుమారి తాడు లాగింది. ఫ్లెక్సీ మీది గుడ్డ జారింది.

జిడ్డు.

ఇంత పెద్ద అక్షరాలు. అక్షరాల మీద నూనె కారుతున్నట్టు బొమ్మ కూడా వేశారు.

మట్టయ్య ఆ బొమ్మను చూడలేదు. అక్షరం ఒక్కటే చూశాడు. ఎంత పని చేశార్రా అని ప్రెస్సువాళ్ళ మీద జాలిపడి, లేచి నిలబడి, హాలంతా వినబడేటట్టు చెప్పాడు.

"అమ్మా, అచ్చుతప్పు పడ్డది. డ కాదమ్మా, ద. ద కింద ద ఒత్తు. జిద్దు."

కుసుమకుమారి అతని వైపు చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, నవ్వు లేదు. కూరలో ఉప్పు చాలిందో లేదో చెబుతున్నట్టు చెప్పింది.

"తప్పేం లేదండీ మట్టయ్యగారూ. ఆయన రాసిందే. జిడ్డే. మీరు వచ్చి వెళ్ళిన ప్రతిరోజూ కూర్చుని రాసుకునేవారు."

తర్వాత ఆమె మొదటి అధ్యాయం చదివింది. రిటైరైన డ్రైవరొకడు ఒక ముసలి రచయితకు తగులుకుంటాడు. ఆముదంలాగా అంటుకుంటాడు, కడిగినా పోడు. బెల్ మోగితే రచయిత బాత్రూంలో దూరి కుళాయి విప్పుతాడు. జిడ్డు, నవలలో ఆ డ్రైవర్ పేరే అది, తలుపు అవతల నిలబడి, 'రెండే ముచ్చట్లు చెప్పి పోత' అని మధ్యాహ్నం దాకా చెబుతాడు. రచయితకు జబ్బు చేస్తుంది. డాక్టరు మొహం వేలాడేస్తే, రచయిత అంటాడు: 'చావంటే నాకేం భయం లేదు. అక్కడికి డ్రైవర్‌గారు రారని ఎవరైనా హామీ ఇస్తే ఇప్పుడే బయల్దేరతాను.'

హాలు కూలిపోయినంత నవ్వు. విజయశ్రీ కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటోంది. నవ్వు సగంలో ఉండగా అందరికీ ఒక్కసారే తట్టింది, ముందు వరుసలో తెల్లచొక్కా ఎవరిదో. ఎవరో ఆయన్ను పైకి పిలవండని కేకేశారు. అభిలాష్ వచ్చి జబ్బ పట్టుకుని స్టేజీ ఎక్కించాడు, మైకు చేతికిచ్చాడు.

మట్టయ్య గొంతు సవరించుకున్నాడు. మాటలకు ఏనాడూ వెతుక్కోని మనిషి. నోటికి వచ్చే మాటే వచ్చింది.

"రెండే ముచ్చట్లు..."

ఈలలు, చప్పట్లు. ఆగి, మళ్ళీ అందుకోబోయాడు. "అసలేమైందంటే" అన్నాడు. అది కూడా ఇందాక చదివిన అధ్యాయంలోదే, ఇంకా గట్టిగా నవ్వారు. "జర ఇనుండ్రి" అన్నాడు. కుర్చీలు చరిచారు. నోట్లో ఉన్న మాట ప్రతీదీ ఆ మనిషి ముందే తీసుకుపోయి అచ్చేసుకున్నాడు. అతనికంటూ ఒక్కటి మిగల్చలేదు. మట్టయ్య మైకు ఇచ్చేసి దిగివచ్చాడు.

బావమరదులు తొడలు చరుచుకుంటున్నారు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. అతను కూర్చున్నాక కొంగు తీసి, ఊపిరి తిప్పుకుని, అతని మోకాలి మీద చెయ్యి వేసింది. పెళ్ళయినప్పటి నుంచి నలుగురిలో అతని మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

"నీ మీదనే రాసిండయ్యా," అంది. "నమ్మిన."

నవల వేడి మిర్చిబజ్జీలాగా అమ్ముడుపోయింది. మట్టయ్య కొన్ని ఆదివారాలు ఇల్లు కదలలేదు. ఇంట్లో చెప్పబోతే, పేజీ నంబరు చెప్పు నేనే చదువుకుంటనని అండాలమ్మ అనడం మొదలుపెట్టింది. ఇక ఉండలేక ఒక పొద్దున టీ హోటల్‌కు పోయాడు.

హోటల్ కిటకిటలాడుతోంది. ఎక్కడెక్కడి నుంచో కొత్త పాఠకులు. ఫ్యాను కింద, కుర్చీ ఎక్కి, భుజాన తువ్వాలు వేసుకుని అభిలాష్ జిడ్డులాగా మాట్లాడుతున్నాడు. మట్టయ్య జన్మలో తువ్వాలు వేయలేదు. బస్సెక్కిన మేకకు అర టికెట్టు కొట్టిన కథ నడుస్తోంది. జనం పడీ పడీ నవ్వుతున్నారు. అభిలాష్ అతన్ని చూశాడు. చూసి, చూపు తిప్పుకుని, గొంతు ఇంకొంచెం పెంచాడు.

చేతులు కడిగే సింకు పక్కన చోటు దొరికింది. పక్కన ఒక ఆడమనిషి, విజయవాడ నుంచి ఇందుకోసమే వచ్చానని ఎవరితోనో చెబుతోంది. మట్టయ్య కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఆమె వైపు వంగాడు.

"మేక కాదమ్మా, పొట్టేలు. సాగర్ బండిల. అసలేమైందంటే, గా పొట్టేలు సీట్ల గూసొని..."

ఆమె మర్యాదస్తురాలు. పెద్దవాడు గదా అని చివరిదాకా వినబోయింది. మధ్యలో జనం నవ్వారు, అభిలాష్ మంచి మాట ఒకటి ఆమెకు వినబడకుండా పోయింది. అప్పుడు ఆమె వేలు పెదవి మీద పెట్టుకుని, నొప్పించకుండా చెప్పింది.

"మీరింకా పుస్తకం చదవలేదనుకుంటాను బాబాయిగారూ. జిడ్డు అలా మాట్లాడడు. ఆ అబ్బాయిని వినండి, అచ్చం జిడ్డే."

మట్టయ్య విన్నాడు.