రెండో పొయ్యి

పెద్దకోడలికి కడుపు మండడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, చిన్నకోడలు కొత్త చెప్పులు వేసుకుంటే చాలు. ఆ చెప్పులు బిస్కట్ల ఫ్యాక్టరీ వాళ్ళు పనివాళ్ళందరికీ ఊరికే ఇచ్చినవని తెలిసినా ఆ మంట చల్లారేది కాదు. "మాకెవరిచ్చారు ఊరికే?" అనేది. ఆమె ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుడుతుంది. దిండు గలీబులు కుట్టేవాళ్ళకు ఎవరూ చెప్పులివ్వరు, అది మాత్రం నిజం.

ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. అత్తగారు పోతూ పోతూ ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు వదిలి వెళ్ళింది. ముందు గది పెద్దవాళ్ళది, వెనక గది చిన్నవాళ్ళది, మధ్యలో వంటిల్లు. పెద్దాయన ఒక గిడ్డంగికి కాపలా ఉంటాడు. చిన్నాయన లారీ మీద వారంలో ఆరు రోజులు ఊళ్ళు తిరుగుతాడు. పెద్దకోడలికి ఒక్కతే కూతురు. చిన్నకోడలికి ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ ఆకలెక్కువ.

రెండు కుటుంబాలకూ చెరొక ఆహార కార్డు ఉంది. నెల మొదటి వారంలో సర్కారు దుకాణానికి వెళ్తే ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి బియ్యం, పప్పు, నూనె, పంచదార ఇస్తారు. చిన్నవాళ్ళు ఐదుగురు, పెద్దవాళ్ళు ముగ్గురు. కాబట్టి చిన్నకోడలి సంచి ఎప్పుడూ బరువే. ఇందులో అన్యాయమేమీ లేదు, కానీ అసూయకు న్యాయంతో పనేముంది? దుకాణం నుంచి ఇంటిదాకా పెద్దకోడలు తన సంచి వంక ఒక్కసారి కూడా చూసుకోదు. ఆమె కళ్ళు తోడికోడలి సంచి మీదే ఉంటాయి.

కార్డులిచ్చే ముందు ఒక అధికారి వచ్చి వంటిల్లు చూసి వెళ్ళాడు. ఎవరి సరుకులు వాళ్ళు తెచ్చుకుని, ఎవరి వంట వాళ్ళు వండుకుంటేనే వేరు కుటుంబం కింద లెక్క, అదీ రూలు. అప్పట్లో నిజంగానే రెండు పొయ్యిలు వెలిగేవి, ఈ గోడవైపు ఒకటి, ఆ గోడవైపు ఒకటి. తర్వాత చిన్నకోడలు ఫ్యాక్టరీలో చేరింది. పొద్దున్నే వెళ్తే మళ్ళీ సాయంత్రానికే రావడం. బడి నుంచి వచ్చిన పిల్లలు బిక్కమొహాలతో గుమ్మంలో నిలబడితే ఏ పెద్దమ్మ చూస్తూ ఊరుకుంటుంది? మొదట రెండు గుప్పెళ్ళు ఎక్కువ పోసి వండింది. ఆ తర్వాత చిన్నకోడలే తన బియ్యం తెచ్చి అక్క డబ్బాలో కలిపేసింది. రెండో పొయ్యి మీదికి గలీబుల మూటలు, మూతల్లేని డబ్బాలు ఎక్కి కూర్చున్నాయి. కార్డుల సంగతి ఎవరికీ గుర్తే రాలేదు.

ఆ పిల్లలకు పెద్దమ్మ వంటంటే ప్రాణం. అందరికంటే చిన్నది, ఆరేళ్ళ పిల్ల, దాన్ని ఇంటిల్లిపాదీ బుడ్డి అనే పిలుస్తారు. బడి నుంచి రావడంతోనే సంచి ఒక మూలకు విసిరేసి, తన కంచం పట్టుకుని పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడేది. "పెద్దమ్మా, అడుగున మాడింది నాకే" అనేది. సెలవు రోజు తల్లి అదే పొయ్యి మీద ఏదైనా చేసి పెట్టబోతే, "అమ్మ కూరలో ఉప్పుండదు" అని మూతి తిప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలి మొహం చేటంత అయ్యేది. తోడికోడలి కంటే తనకు ఎక్కువ ఉన్నది ఈ లోకంలో అదొక్కటే మరి.

ఇలా ఉండగా చిన్నకోడలిని ఫ్యాక్టరీలో తను పనిచేసే వరసలో వాళ్ళందరికీ పెద్దను చేశారు. జీతం కాస్త పెరిగింది. నెల తిరక్కుండా వెనక గదిలోకి ఒక ఫ్రిజ్ వచ్చింది.

"వంటింట్లో పెడదామంటే ప్లగ్గు లేదక్కా. నీ కూరలూ పాలూ అన్నీ ఇందులోనే పెట్టుకో" అంది చిన్నకోడలు.

తోడికోడలి గదిలోకి వెళ్ళి, తోడికోడలి ఫ్రిజ్ తలుపు తీసి, తన పాలు తాను తెచ్చుకోవడమా? పెద్దకోడలు పాలు విరిగినా సరే అని పొయ్యి పక్కనే ఉంచుకుంది. ఆమె కూతురు మాత్రం రోజుకు పదిసార్లు ఆ తలుపు తీసి మొహానికి చల్లగాలి తగిలించుకుని, "పిన్ని ఎంత మంచిదో" అని వచ్చేది. పుండు మీద కారం చల్లడానికి పరాయివాళ్ళే అక్కర్లేదు, కన్నకూతురు చాలు.

జీతం పెరిగితే పది రోజుల్లో ఆహార కార్యాలయంలో చెప్పాలని, లేకపోతే కార్డు ఆపేస్తారని దుకాణం గోడ మీద రాసి ఉంది. అది చదివాక పెద్దకోడలికి కాలు నిలవలేదు. ఇది చెప్పి ఉండదు, నా దగ్గరా దీని తెలివి, అనుకుంది. గలీబుల కట్ట దిండ్ల దుకాణంలో ఇచ్చి, అటునుంచి అటే కార్యాలయానికి నడిచింది.

కిటికీ వెనక కళ్ళజోడు గుమస్తా ఒకావిడ కూర్చుని ఉంది.

"మా తోడికోడలికి జీతం పెరిగిందండి" అంది పెద్దకోడలు, గొంతు తగ్గించి.

గుమస్తా కంప్యూటర్లో వెతికి చూసింది. "తెలుసమ్మా. ఆవిడే వచ్చి చెప్పింది. జీతం కాగితం కూడా ఇచ్చి వెళ్ళింది. ఐదుగురున్న ఇల్లు కదా, ఇంకా పరిమితిలోనే ఉంది."

"ఫ్రిజ్ కూడా కొందండి."

"కొననివ్వండి. ఫ్రిజ్ కొంటే కార్డు తీసేయమని రూలేం లేదు."

"మరి ఇంకెప్పుడు తీసేస్తారండి?"

గుమస్తా కళ్ళజోడు పైనుంచి ఆమె వంక చూసింది. "ఆదాయం దాటితే తీసేస్తాం. ఇంట్లో మనుషులు తగ్గినా చెప్పకపోతే, పిలిచినప్పుడు రాకపోతే, కాగితాలు గడువులోగా ఇవ్వకపోతే ఆపేస్తాం. ఆవిడ అన్నీ టైముకే ఇస్తుంది. పోయినసారి ఆలస్యం చేసింది మీరేనమ్మా."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడం ఆమె వల్ల కాలేదు.

"అసలు దానికి కార్డెందుకండీ?" అంది, ఈసారి గొంతు పెంచి. "ఆ పిల్లలకు అన్నం పెట్టేది నేను. మూడు పూటలా నా చేతి వంటే. కన్నతల్లి వండితే ముట్టనైనా ముట్టరు."

గుమస్తా చేతిలో కలం ఆగింది. "మూడు పూటలా మీ పొయ్యి మీదేనా?"

"నా పొయ్యి మీద కాక ఇంకెక్కడ? దాని పొయ్యి వెలిగి రెండేళ్ళయింది. కావాలంటే వచ్చి చూసుకోండి."

"సరుకులు కూడా కలిపేనా?"

"ఒకటే డబ్బా."

గుమస్తా నిట్టూర్చింది. "ఈ మాట నేను విననట్టు ఊరుకుందామన్నా పక్కనే మా సారు కూర్చుని విన్నారమ్మా. ఒకే పొయ్యి అయితే ఒకే కుటుంబం. మీ ఆయన జీతం, మీ కుట్టుకూలి, వాళ్ళిద్దరి సంపాదన అన్నీ కలిపి చూడాలి. కలిపితే పరిమితి దాటిపోతుంది. రెండు కార్డులూ ఆగిపోతాయి."

"రెండూనా? నాదెందుకండీ?"

"మీరంతా ఒకటేనని మీరే చెప్పారు కదమ్మా."

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో పెద్దకోడలికి దారిలో నడుస్తుంటే తెలిసివచ్చింది. వెనక్కి వెళ్ళి, అబద్ధం చెప్పానండీ అందామా అనుకుంది. కానీ అది అబద్ధం కాదు. ఆమె ఆ ఊపులో చెప్పిన మాటల్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

వారం తిరిగేసరికి రెండు నోటీసులు వచ్చాయి. చిన్నకోడలు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి పైకి చదివింది. రెండు కుటుంబాలూ కలిసి వండుకుంటున్నందున కార్డులు నిలిపివేయడమైనది. నిజంగా వేరుగా ఉంటున్నట్టయితే పది రోజుల్లో రాసి ఇవ్వాలి, అధికారి వచ్చి చూస్తాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. ఈ విషయం పెద్దకోడలే స్వయంగా వచ్చి తెలిపినట్టు అందులో రాసి ఉంది.

కాగితం మడతపెట్టి జాకెట్లో పెట్టుకుంది. ఎందుకక్కా అని కూడా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు, తిడితే తిరిగి నాలుగు తిట్టొచ్చు. ఏమీ అనకపోతే మనిషి ఏం చేస్తుంది? పెద్దకోడలు గలీబు కుడుతున్నట్టు కూర్చుంది గానీ సూదిలో దారమే లేదు.

చిన్నకోడలు రెండో పొయ్యి మీది మూటలన్నీ దించి, బూడిదతో తోమి కడిగింది. డబ్బాలోంచి తన వంతు బియ్యం గ్లాసుతో కొలిచి వేరే గిన్నెలో పోసుకుంది. అంతా అయ్యాక అంది, "రేపటి నుంచి నేనే పొద్దున్నే లేచి వండిపెట్టి వెళ్తానక్కా. ఊరికే కాగితం మీద రాసివ్వడం కాదు, నిజంగానే వేరుందాం. పిల్లల నోటి దగ్గరి తిండి, దాంతో ఆటలాడలేను."

అధికారి సెలవు రోజు మధ్యాహ్నం వచ్చాడు. రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. ఆయన రెండు బియ్యం డబ్బాలూ తెరిచి చూశాడు, గిన్నెల మీద మూతలు తీసి చూశాడు, పెద్దకోడలి అన్నం గిన్నె ముగ్గురికి సరిపడేదా ఎనిమిదిమందికి సరిపడేదా అని వంగి మరీ చూశాడు. ముగ్గురికే సరిపడేది అది. ఇంట్లో అంత చిన్న గిన్నె ఉందని ఆమె కూడా మొన్ననే అటక మీంచి దించాక గుర్తుపట్టింది.

అప్పుడే బుడ్డి వచ్చింది. వారం రోజులుగా వద్దని చెప్తున్నా కాళ్ళకు అలవాటు పోలేదు. కంచం పట్టుకుని తిన్నగా పెద్దమ్మ పొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, అడుగున మాడిందా?"

అధికారి రాయడం ఆపి తలెత్తాడు. చిన్నకోడలు ఇటు తిరగలేదు, ఆమె గిన్నెలో గరిటె మాత్రం ఆగిపోయింది. ఇప్పుడు ఒక్క గరిటెడు పెడితే రెండు కార్డులూ పోతాయి.

"ఇక్కడ నీకేం లేదు. మీ అమ్మ దగ్గరికి పో" అంది.

"కొంచెమే పెద్దమ్మా, అడుగుది."

"లేదన్నానా? పో."

పిల్ల కంచం గుండెలకు హత్తుకుని అలాగే చూసింది. తర్వాత తల్లి దగ్గరికి నడిచింది.

"వాళ్ళ పిల్లలకు మీరే పెడతానని ఆఫీసులో చెప్పారట?" అన్నాడు అధికారి.

"పెట్టనండి."

"ఎప్పుడైనా, అప్పుడప్పుడు?"

"ఒక్క మెతుకు కూడా పెట్టను" అంది పెద్దకోడలు. ఆయన ఆ మాట అలాగే రాసుకుని, కింద సంతకం పెట్టమన్నాడు. తోడికోడలు చూస్తుండగానే పెట్టింది. వచ్చే నెల నుంచి రెండు కార్డులూ మళ్ళీ నడుస్తాయని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా పోనిచ్చి, పెద్దకోడలు గిన్నె వంచి అడుగున మాడిందంతా గరిటెతో గీకింది. నెయ్యి వేసి, ఉప్పు చల్లి, కంచంలో పెట్టుకుని వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. బుడ్డి తల్లి పక్కన కూర్చుని తింటోంది.

"ఇదిగోవే బుడ్డీ, మాడింది. ఆయన వెళ్ళిపోయాడులే."

పిల్ల తలెత్తకుండానే, "వద్దు పెద్దమ్మా. అమ్మ కూర బాగుంది" అంది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు కూడా ఉంది" అంది.

చిన్నకోడలు ఆమె చేతిలోని కంచం చూసింది. కోపమేమీ లేని గొంతుతో, "మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకో అక్కా" అంది.

పెద్దకోడలు వంటింట్లోకి తిరిగి వచ్చింది. తోడికోడలి అన్నం గిన్నె తూము దగ్గర కడగడానికి పెట్టి ఉంది. చూడకూడదనుకుంటూనే వంగి చూసింది. ఆ గిన్నెలోనూ అడుగు మాడింది. దాన్ని అప్పటికే ఎవరో చిన్న చిన్న వేళ్ళతో ఒక్క మెతుకు మిగలకుండా గీక్కుని తినేశారు.