పొట్టి అక్షరం రూపాయి

మా ఆయన క్రీస్తుదాసుకీ, హైదర్ భాయ్‌కీ ఉన్న తగాదా చిన్నదే. ఇద్దరూ కలిసి దాన్ని పిల్లాణ్ణి పెంచినట్టు పెంచారు. ఆదివారం మేం చర్చి నుంచి అమీర్‌పేటలోని మా ఇంటికి చేరేసరికి హైదర్ భాయ్ పంజాగుట్టలో తన కర్టెన్ల దుకాణాన్ని కొడుకు ఉమర్‌కి వదిలేసి, మా వరండాలో కూర్చుని ఉండేవారు. ఇద్దరికీ పాత నాణేల పిచ్చి. టీ నేను పెట్టాలి, తగాదా వాళ్లు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఇదే వరస.

తగాదా దేని గురించంటే, నిజాం కాలపు వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో ద్వారం మధ్య నిజాం పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఉంటుంది. ఒకే ఏడాది రూపాయల్లో కొన్నింటి మీద ఆ అక్షరం పొట్టిగా, కొన్నింటి మీద నిండుగా కనిపిస్తుంది. అచ్చు మారడం వల్ల వచ్చిన తేడా అట. భూతద్దం పెడితే గానీ తెలియదు. నాకైతే భూతద్దం పెట్టినా తెలియదు. పొట్టిది తక్కువగా దొరుకుతుంది కాబట్టి దాని విలువే వేరని మా ఆయన అనేవారు. అదంతా నాణేలమ్మేవాళ్లు పుట్టించిన మాయ అని హైదర్ భాయ్ కొట్టిపారేసేవారు. వెండి అంతే, బరువు అంతే, అచ్చు కాస్త అటూ ఇటూ అయితే రూపాయి మారిపోతుందా అని నవ్వేవారు. మా ఆయనకి ఒళ్లు మండేది. పొట్టి అక్షరం రూపాయి కోసం ఆయన తిరగని దుకాణం లేదు, వెళ్లని ప్రదర్శన లేదు. పెళ్లిచూపుల్లో నన్ను చూసింది రెండు నిమిషాలు, ఒక్కో రూపాయిని చూసేది అరపూట. అయినా ఆ పొట్టిది మాత్రం ఆయనకి దొరకలేదు.

పోయినేడు మా ఆయనకి గుండె ఆపరేషన్ తప్పదన్నారు. సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ముందురోజు సాయంత్రం పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. తెల్లారి హైదర్ భాయ్, ఆయన భార్య షరీఫున్నీసా ఆపా వచ్చారు. ఆపా చేతిలో ఒక ఆకుపచ్చ గుడ్డపట్టీ ఉంది, లోపల ఒక నాణెం పెట్టి కుట్టింది. ఇమామ్ జామిన్ అంటారట. ప్రయాణానికో, ఏదైనా గండానికో ఎదురెళ్లే మనిషికి దాన్ని కుడి జబ్బకి కడతారు. మనిషి క్షేమంగా ఇల్లు చేరాక విప్పి, లోపలి నాణేన్ని కష్టంలో ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యాలి. ప్రాణానికి జామీను అన్నమాట. హైదర్ భాయే కట్టారు. వేసిన ముడినే మళ్లీ విప్పి కట్టారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేముందు నర్సు ఆ పట్టీని విప్పి నా చేతికిచ్చింది. బ్యాగులో బైబిలు పక్కనే పెట్టుకున్నాను. ఇలాంటివాటికి కోపం తెచ్చుకునేంత చిన్నవాడు కాడు దేవుడు, అది నా నమ్మకం.

ఇంటికొచ్చి మా ఆయన కాస్త కోలుకున్నాక, ఆ పట్టీ ఇచ్చి, నాణెం ఎవరికిద్దామో చెప్పమన్నాను. కుట్లు విప్పి, నాణెం అరచేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ భూతద్దం అడిగారు. చూశారు. గుండె బాగుపడిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ మొహం అంతగా వెలగలేదు.

"లీలా, ఇది పొట్టిది," అన్నారు.

అయితే ఏంటి, ఇచ్చెయ్యండి అన్నాను. ఆయన మెల్లగా లేచి బీరువాలోంచి ఆల్బమ్ తెచ్చారు. అదే ఏడాది నిండు అక్షరం రూపాయి తీసి పక్కన పెట్టారు. వెండి ఒకటే, బరువు ఒకటే, దీన్ని ఇస్తే సరిపోతుంది, తేడా లేదని హైదరే అంటాడుగా, అన్నారు. ఇన్నేళ్లు ఒప్పుకోని మాటని అవసరం పడగానే ఎంత చక్కగా ఒప్పుకున్నారో. పైగా హైదర్‌కి తెలిసుండదు, తెలియకే కట్టాడు, తెలియనివాడికి నష్టమేముంది అన్నారు. అది మీ ప్రాణానికి కట్టింది, మార్చకండి అని నేను గట్టిగానే చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది, చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ఆపరేషనయిన మగాడితో వాదించి గెలవడం నా తరం కాదు.

నిండు అక్షరం రూపాయిని పక్కనున్న అమ్మాయిల హాస్టల్ వాచ్‌మన్ కనకయ్యకి ఇచ్చారు. అతని భార్య అప్పటికి చాలాకాలంగా మంచంలో ఉంది. పొట్టిది ఆల్బమ్‌లో చేరింది.

ఆ ఆదివారం హైదర్ భాయ్ వచ్చారు. నాణెం ఇచ్చేశావా అని అడిగారు. కనకయ్యకి ఇచ్చేశానని మా ఆయన తడబడకుండా చెప్పారు. హైదర్ భాయ్ టీ గ్లాసు కింద పెట్టారు.

"దాస్ భాయ్, ఒక మాట చెప్తా, తిట్టొద్దు. నీకు కట్టింది పొట్టి అక్షరం రూపాయి. మా అబ్బాజాన్‌ది. నువ్వు దోస్తు కాకముందు నుంచి నా దగ్గర్నే ఉన్నది. ఫరక్ ఉంటదని ఒప్పుకుంటే నువ్వు అడుగుతవు. అడిగితే కాదనలేను, ఇయ్యలేను. గందుకే ఫరక్ లేదన్న."

హైదర్ భాయ్ మళ్లీ గ్లాసు అందుకున్నారు.

"నీకు ఆపరేషన్ అనంగనే అన్ని నాణేలు ముంగట పోసుకున్న. ఏది పోతే నాకు మస్తు బాధయితదో గదే కట్టాలె అనిపించింది. అది పోయింది, నువ్వొచ్చినవు. ఇగ నాకేం ఫికర్ లేదు."

ఆ నాణెం ఆయన వీపు వెనక బీరువాలోనే ఉంది. ఇప్పుడైనా చెప్పండి అన్నట్టు నేను మా ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. చెప్పి ఉంటే ఇద్దరూ తిట్టుకుని, ఏడ్చి, మళ్లీ టీ అడిగేవాళ్లు. దాచుకున్న పాపంలో ఇద్దరికీ సమానంగా వాటా ఉంది కదా. కానీ ఆయన చెప్పలేదు. నేల చూస్తూ కూర్చున్నారు.

వెళ్లబోతూ హైదర్ భాయ్, కనకయ్య ఇంకా అమ్మకపోయి ఉంటే ఒక్కసారి చూసి పోతానన్నారు. వెనక్కి తీసుకోవడానికి కాదు, కళ్లారా చూడ్డానికి. ఈపాటికి అమ్మేసుంటాడులే అన్నారు మా ఆయన. హైదర్ భాయ్‌ని సాగనంపడానికి నేను గేటు దాకా వెళ్లాను. కనకయ్య హాస్టల్ మెట్ల మీదే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, సారు పెట్టిన రూపాయి అమ్మబుద్ధి కావట్లేదమ్మా అంటూ జేబులోంచి తీసి చూపించాడు. హైదర్ భాయ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకున్నారు. ఆయనకి భూతద్దం అక్కర్లేదు, అబ్బాజాన్ రూపాయి చిన్నప్పటి నుంచి చూసిందే. చాలాసేపు చూశారు.

"మంచిగున్నది. పైలంగ పెట్టుకో," అని కనకయ్యకి తిరిగిచ్చారు. తర్వాత నా వైపు తిరిగి, "భాభీ, నేను చూసినట్టు దాస్‌కి చెప్పకు. గుండెకు మంచిది కాదు," అన్నారు. షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. మర్నాడు మా ఆయన ఆ రూపాయి జేబులో వేసుకుని పంజాగుట్ట వెళ్లారు. హైదర్ భాయ్ దాన్ని ముట్టుకోనే లేదట. జామీనుకి కట్టింది మళ్లీ ఇంట్లోకి రాకూడదు, ఇవ్వాల్సినవాళ్లకే ఇవ్వమన్నారట. కోపంగా కాదట, కస్టమర్‌తో మాట్లాడినంత మర్యాదగా. మా ఆయన వస్తూ వస్తూ దాన్ని కూడా కనకయ్య చేతిలో పెట్టి, ఇది ఖరీదైనది, తెలిసినవాళ్లకే అమ్ము, నేను చూపిస్తాను అని మరీ చెప్పారు. కనకయ్యకి అంత వ్యవధి దొరకలేదు. భార్యకి ఊపిరాడకపోతే రెండు రూపాయలూ పట్టుకుని దగ్గర్లోని వెండి దుకాణానికి పరిగెత్తాడు. వాళ్లు రెంటినీ ఒకే తక్కెడలో వేసి, వెండి ధర కట్టి, కరిగించడానికి పడేశారు.

హైదర్ భాయ్ ఇప్పటికీ ఆదివారాలు వస్తారు. టీ తాగుతారు. మా ఆయన ఏ నాణెం చూపించి ఏ తేడా చెప్పినా, అవును దాస్ భాయ్, మస్తు ఫరక్ ఉంటది, అంటారు. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట ఒప్పించాలనే మా ఆయన కొట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కసారి కాదని వాదించవయ్యా అని అడగాలని ఆయనకి ఉంటుంది. అడిగే మొహం లేదు.