ఫోటోలో చెయ్యి

"స్టూలెందుకు, నువ్వున్నావుగా," అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండానే.

ఆదివారం మధ్యాహ్నం. మూడింటికి నాతో మాట్లాడడానికి ఒక విలేకరి వస్తోంది. ఆ అమ్మాయికి టీ ఇవ్వాలంటే మంచి కప్పులు కావాలి, అవేమో అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. ఈ ఇంట్లో అటక మీదివన్నీ నా శాఖ. ఆరడుగుల కోడల్ని తెచ్చుకున్నందుకు తనకి దక్కిన లాభం అదొక్కటేనని మా అత్తగారు చుట్టాలందరికీ చెబుతారు. బల్బు మార్చాలన్నా, ఫ్యాను రెక్కలు తుడవాలన్నా మా అంతస్తులో ఉన్న మూడు వాటాల వాళ్ళూ నన్నే పిలుస్తారు. నేను ఆటల టీచరుగా పనిచేస్తున్న స్కూల్లోనూ ఇదే వరస. స్టేజీ మీద రంగు కాగితాలు కట్టాలంటే హెడ్‌మాస్టరు "మేడమ్‌ని పిలవండి, నిచ్చెనతో పనిలేదు" అంటారు. పిల్లలకి ఆట నేర్పించమని మాత్రం అంత తరచుగా అడగరు. పరీక్షలు దగ్గర పడితే నా పీరియడు లెక్కల టీచరుకి ఇచ్చేసి, నన్ను కుర్చీలు లెక్కపెట్టమంటారు.

పదకొండేళ్ళు అదే వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడాను. ఒక పేరున్న క్లబ్బుకి, దేశంలో ఉన్న పెద్ద పెద్ద కోర్టులన్నింటిలోనూ. మా అత్తగారు "పెళ్ళికి ముందు మా కోడలు బంతాట ఆడుకునేది" అంటారు, బొమ్మలతో ఆడుకున్నంత తేలిగ్గా. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదు.

నా ఎడమ మోకాలు చిత్రమైన మోకాలు. గ్యాసు బండని వరండాలోంచి వంటింట్లోకి జరపడానికి అది భేషుగ్గా పనిచేస్తుంది. లిఫ్టు చెడిపోయిన రోజున అత్తగారిని చెయ్యి పట్టుకుని మూడంతస్తులు ఎక్కించడానికీ పనిచేస్తుంది. సాయంత్రం స్కూలు మైదానంలో నాలుగు బంతులు వేసొస్తానంటే మాత్రం దానికి ఎక్కడలేని జబ్బూ వస్తుంది. "డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా?" అంటాడు మా ఆయన. నేను మర్చిపోలేదు. బరువులు ఎత్తకండి, మెట్లు ఎక్కువ ఎక్కకండి, కాస్త కాస్త ఆడుతూ ఉండండి, కండ బలంగా ఉంటుంది అన్నాడు. మా ఆయనకి ఆ మూడో ముక్క వినిపించనే లేదు. మొదటి రెండూ ఇంటికొచ్చేలోపల మర్చిపోయాడు.

అట్టపెట్టె దించి కప్పులు ఒక్కొక్కటే తీస్తుంటే అడుగున ఒక ఫైలు, అందులో పాత పేపరు ముక్క కనిపించాయి. ఫైనల్ మ్యాచ్ ఫోటో అది. అందులో అవతలి జట్టు అమ్మాయి, మేం మిడత అని పిలుచుకునే ఆవిడ, గాల్లో ఉంటుంది. బంతి అప్పుడే తన వేళ్ళని వదిలింది. ఫోటో అంచున, ఎక్కణ్ణించో వచ్చినట్టు ఒక చెయ్యి, దాని మధ్య వేలి కొస బంతిని తాకుతూ ఉంటుంది. ఆ చెయ్యి నాది. మోచేతి నుంచి వేళ్ళ దాకా నేనున్నాను, తక్కిన మనిషిని ఫోటో కోసేసింది. పెళ్ళైన కొత్తలో దీన్ని ఫ్రేము కట్టించుకుని తెచ్చుకున్నాను. "చెయ్యి ఫోటో ఎవరైనా గోడకి పెట్టుకుంటారా? పైగా మొహం ఇంకొకళ్ళది," అని మా ఆయన నవ్వాడు. ఆ ఫ్రేములో ఇప్పుడు నేను ట్రోఫీ అందుకుంటున్న ఫోటో ఉంది. అందులో నా పక్కన మా ఆయన కూడా ఉన్నాడు, అప్పట్లో క్లబ్బు ఆఫీసులో పనిచేసేవాడు కనక.

పేపరు ముక్కని ట్రేలో కప్పుల పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో నాకూ తెలియదు.

బుట్టలో బంతి వెయ్యడం నా పని కాదు. అవతలి జట్టులో అందరికంటే బాగా ఆడే మనిషిని ఆడనివ్వకుండా చెయ్యడం నా పని. మా కోచ్ నోట్లోంచి ఈల తియ్యకుండా, దాని పక్కనుంచే తిట్టగల మనిషి. ఆవిడ మొదటి రోజే చెప్పింది: "బంతిని చూడకు, మోసం చేస్తుంది. కళ్ళు చూడకు, అవీ మోసమే. నడుము చూడు. నడుము ఎటు పోతే మనిషి అటే పోవాలి, ఇంక దారి లేదు." ఆ మాటని నేనెంత గట్టిగా పట్టుకున్నానంటే, మొదటి ఏడాది ఒక మ్యాచ్‌లో విరామానికి ఈల పడింది, నాకు వినపడలేదు. నేను కాపలా కాస్తున్న అమ్మాయి నీళ్ళు తాగడానికి వాళ్ళ బెంచీ దగ్గరికి వెళితే, నేనూ చేతులు చాపుకుని వెనకాలే వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాను. స్టేడియం మొత్తం పడీ పడీ నవ్వింది. ఆ అమ్మాయి నాకూ ఒక గ్లాసు నీళ్ళిచ్చింది.

ఎంత గొప్పవాళ్ళతో ఆడానో! మేం డాక్టరమ్మ అని పిలుచుకునే ఒకావిడ వైద్యం చదువుతూ ఆడేది. బుట్ట కింద నా పక్కటెముకల్లో మోచెయ్యి దించి "సారీ అండీ" అనేది. మ్యాచ్ అయ్యాక ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎన్ని రోజులుంటుందో తనే చెప్పేది, అచ్చం అలాగే ఉండేది. ఇంకొకామె కబుర్ల పుట్ట. నలభై నిమిషాలూ నోరు మూసేది కాదు. "జడ భలే కుదిరిందే, ఎవరు వేశారేంటి?" అనేది. నా మనసు జడ మీదికి పోయి వచ్చేలోగా బంతి బుట్టలో ఉండేది. ఆమెకి జవాబు చెప్పకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు నాలుగు సీజన్లు పట్టింది. తర్వాత ఆ విద్య అత్తవారింట్లో బాగా అక్కరకొచ్చింది.

వాళ్ళందరూ ఒక ఎత్తు, మిడత ఒక్కతే ఒక ఎత్తు. సన్నగా, మనిషంతా మోకాళ్ళే అన్నట్టుండేది. ఎప్పుడు ఎగురుతుందో తనకే తెలియదనేవాళ్ళు. తనకి తెలుసు. నాకూ తెలుసు. ఎగిరే ముందు తన నడుము వీసమంత వెనక్కి ఒరిగేది. ఆ వీసం కోసం నేను వారాల తరబడి తన వీడియోలు తిప్పి తిప్పి చూసేదాన్ని. తనూ నావి అలాగే చూసేదట. కుడివైపు కదిలే ముందు నేను పెదవి కొరుకుతానని తను చెప్పేదాకా నాకు తెలియదు. ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు ఎదురుపడే శత్రువుకి నా పెదవి సంగతి తెలుసు. నేను టీలో చక్కెర మానేసి ఏడేళ్ళయిందని పంతొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషికి ఇప్పటికీ తెలియదు.

నడుము చూడడం మాత్రం నేను మానలేదు. అత్తగారు కుర్చీలో ఒక పక్కకి ఒరిగితే నీళ్ళు, రెండు చేతులూ ఆనించి ముందుకి వంగితే బాత్రూము. ఆవిడ నోరు తెరిచేలోపే నేను అక్కడ ఉంటాను. మా ఆయన సోఫాలో అటు తిరిగితే చార్జరు, ఇటు తిరిగితే టీ. తలుపు వైపు తిరిగి మాట్లాడితే మాత్రం అబద్ధం. "ఏమీ అడక్కుండానే అన్నీ అమరుస్తుంది, అదృష్టవంతుడివి," అంటారు అతని స్నేహితులు. అది అదృష్టం కాదు, పదకొండేళ్ళ సాధన అని ఎవరికి చెప్పను!

విలేకరి అమ్మాయి సరిగ్గా మూడింటికి వచ్చింది. చిన్నది, పాతికేళ్ళుంటాయి, భుజాన బరువైన సంచీ. మిడత ఆటలోంచి తప్పుకున్నాక ఇన్నేళ్ళుగా కోచ్‌గా ఉందని, ఆవిడ మీద పెద్ద వ్యాసం రాస్తున్నానని చెప్పింది. "తనని ఎదుర్కొన్న వాళ్ళలో అందరికంటే గొప్ప ఎవరని ఆవిడని అడిగానండీ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మీ గురించే చెప్పారు."

టీ పొయ్యడం మొదలుపెట్టాను.

"మరేమనుకున్నారు!" అన్నాడు మా ఆయన, సోఫా అంచుకి జరిగి. "ఆ ఫైనల్లో మా ఆవిడ పద్నాలుగు పాయింట్లు వేసింది. నేను అక్కడే ఉన్నాను."

ఆ పద్నాలుగు మా పెళ్ళి నాటి నుంచీ ఉన్నాయి. చుట్టాల దగ్గర, ఆఫీసులో, అందరి దగ్గరా చెబుతాడు. ప్రేమతోనే చెబుతాడు, అదే నా ఖర్మ.

ఆ అమ్మాయి తన కాగితాలు తిరగేసింది. "రికార్డులో సున్నా అని ఉంది సార్."

"ఆ రాసేవాళ్ళ సంగతి మీకు తెలియదూ?"

"సున్నాయే," అన్నాను. "నేనొక్కటి కూడా వెయ్యలేదు."

మా ఆయన నా వైపు చూసిన చూపు నలుగురిలో నేనేదో జారవిడిచినట్టుంది. నేను ట్రేలోంచి పేపరు ముక్క తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. "ఆ ఏడాది మిడత సగటున మ్యాచ్‌కి ఇరవై ఎనిమిది వేసేది. ఆరోజు పదకొండు. మూడు నిమిషాలుందనగా నా ఎడమ మోకాల్లో ఏదో తెగింది. వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాను. మా కోచ్ కనిపెట్టలేదు. మిడత కనిపెట్టింది. వెంటనే ఎడమ వైపు నుంచి వచ్చింది, బంతి బుట్టలో పడింది. మళ్ళీ ఎడమ వైపు, మళ్ళీ బుట్ట. మాకు ఒక్క పాయింటు ఆధిక్యం మిగిలింది. ఆఖరి బంతికి కూడా అటే వస్తుందని తెలుసు. ఆ కాలి మీదే ఎగిరాను. అదే ఈ ఫోటో. ఈ చెయ్యి నాది. బంతి బుట్ట తప్పింది, మేం గెలిచాం."

"తర్వాత?"

"నేను లేవలేకపోతే తనే వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. 'మోకాలు పోయిందని తెలిసే అటు వచ్చాను, ఏమీ అనుకోకు,' అంది. 'నేనైనా అటే వచ్చేదాన్ని,' అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతే, మళ్ళీ కలవలేదు."

ఆ అమ్మాయి ఫోటోని చాలాసేపు చూసింది. తర్వాత మొహమాటంగా అడిగింది. "మోకాలు ఇప్పటికీ అంత ఇబ్బందిగా ఉందా అండీ? క్యాంపుకి రానన్నారని ఆవిడ చాలా బాధపడ్డారు."

"ఏ క్యాంపు?"

"అదే, స్కూలు సెలవుల్లో ఆరు వారాలు, పదహారేళ్ళ లోపు ఆడపిల్లలకి. 'షాట్లు నేర్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు, ఆపడం నేర్పేది ఆవిడొక్కతే' అని మిమ్మల్నే అడిగారట. క్లబ్బు రికార్డులో ఉన్న నంబరుకి ఫోన్ చేశారట. మోకాలి నొప్పి వల్ల మీరు రాలేరని జవాబొచ్చిందట."

క్లబ్బు రికార్డులో ఉన్నది మా ఆయన నంబరు. పెళ్ళైనప్పుడు నాకు విడిగా ఫోన్ లేదు. ఆ తర్వాత మార్పించాలని తోచలేదు.

మా ఆయన తలుపు వైపు తిరిగాడు. "అదా? నెల దాటింది. నీతో చెప్పాననే అనుకున్నా. అయినా నీ మంచికే కదా. ఆరు వారాలంటే మాటలా? ఇక్కడ అమ్మని ఎవరు చూస్తారు? రేపు నీ మోకాలికి ఏమైనా అయితే?"

కోపం రావాలి. వచ్చింది కూడా. దానికంటే ముందు అలసట వచ్చింది, ఎముకల్లోంచి. అతను దాచాలనుకుని ఉంటే పోట్లాడేదాన్ని. చెప్పాననుకున్నానన్నది అబద్ధమే, కానీ దాచలేదు, మర్చిపోయాడు. కూరగాయలవాడు వస్తే వద్దని పంపేసినంత తేలిగ్గా నా జీవితంలోకి వచ్చిన మనిషిని పంపేసి మర్చిపోయాడు. నా మోకాలి సంగతి ప్రపంచంలో ఇద్దరికి బాగా తెలుసు. నేను ఇంకా ఆపగలనని నమ్మింది కనకే మిడత దాని మీదికి వచ్చింది. మా ఆయన దాన్నే గడియగా చేసి తలుపుకి బిగించాడు.

అప్పుడే, ఇందాకటి నుంచీ మూల కూర్చుని వింటున్న అత్తగారు కుర్చీలో ఒక పక్కకి ఒరిగారు. నీళ్ళు. నా పాదాలు వాటంతట అవే కదిలాయి, సగం లేచాను కూడా. అలా లేస్తుంటే, ఎన్నేళ్ళనాటిదో ఆ మొదటి ఏడాది మ్యాచ్ గుర్తొచ్చింది. ఈల పడి చాలా కాలమైంది. అందరూ ఎవరి నీళ్ళు వాళ్ళు తాగుతున్నారు. నేనొక్కదాన్నే చేతులు చాపుకుని ఇంకా వాళ్ళ బెంచీ దగ్గరే నిలబడి ఉన్నాను.

కూర్చున్నాను.

అత్తగారు నా వైపు చూశారు, కొడుకు వైపు చూశారు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మెల్లగా వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నింపుకున్నారు. "నాకూ కాళ్ళున్నాయిలే, అమ్మాయ్," అన్నారు అక్కణ్ణించే. "నువ్వు చెప్పేదేదో చెప్పు."

"ముందు ఈ నంబరు రాసుకోండి," అన్నాను విలేకరితో. "ఇది నాది."

రాసుకుంది. "ఆవిడకి ఏమని చెప్పమంటారు?"

"వస్తున్నానని చెప్పండి. మోకాలు బాగాలేని మాట నిజమేననీ చెప్పండి," అన్నాను. "ఎడమ వైపు నుంచే రమ్మనండి."