ఎవరి నోటి ఖో

నేను ఒక తుమ్మకర్రను. ఖో-ఖో ఆటకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పాతే గుంజలుంటాయే, వాటిలో తూర్పు గుంజను. పడమటిది వేపది. మా ఇద్దరి మధ్య పిల్లలు పరుగులు పెట్టారు తప్ప మాటలేమీ నడవలేదు.

పుట్టింది ఒక మిరపచేను గట్టున. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. వడ్రంగి చిన్నప్ప నన్ను ఇంటికి ఈడ్చుకుపోయి, సమాధి మీద నిలిపే సిలువ కోసం చెక్కడం మొదలుపెట్టాడు. నిలువు కర్రనైతే అయ్యాను. అడ్డకర్ర బిగించేలోపల పోయినాయన కొడుకులు మనసు మార్చుకుని సిమెంటు సిలువ పోయించారు.

“పోనీలే, చచ్చినోడి నెత్తిన నిలబడాల్సినదానివి. బతికినోళ్ల మధ్య నిలబడు” అని చిన్నప్ప నన్ను గుండ్రంగా చిత్రిక పట్టాడు. ఆడపిల్లల చేతులకు పేడు గుచ్చుకోకుండా గాజుపెంకుతో గీకి, సిస్టర్ల బడికి ఇచ్చి పోయాడు. అక్కడి ఆటస్థలంలో, మేరీమాత గుహకు ఎదురుగా, మోకాలి లోతు గుంట తీసి నన్ను పాతారు.

ఆ బడికి బహుమతులంటే ప్రాణం. పెద్ద సిస్టరు బెర్నదెత్తు గారి గదిలో అద్దాల బీరువా ఉండేది. వ్యాసరచనకు ఒక అర, బృందగానానికి ఒకటి, బైబిల్ క్విజ్‌కు ఒకటి, బ్యాండు మేళానికి ఒకటి. ఆటల అర మాత్రం ఖాళీ. ఖాళీగా కనపడకూడదని సిస్టరు గారు అందులో ప్లాస్టిక్ పూలకుండీ పెట్టించారట. తుడిచే పిల్లలు నా దగ్గర కూర్చుని నవ్వుకునేవాళ్లు.

ఆ అర నింపగలిగిన పిల్ల ఒకతి వచ్చింది. పేరు ఇన్నాసమ్మ. తొమ్మిదో తరగతి, హాస్టలు పిల్ల. అమ్మానాన్నలు మిరపకోతలకు ఊళ్లు పట్టి పోయేవాళ్లు. మిగతా పిల్లలు నన్ను పట్టుకుని తిరిగేటప్పుడు ఒంటి బరువంతా నా మీద వేస్తారు. ఈమె రెండు వేళ్లు ఆనించి గిర్రున తిరిగిపోయేది. ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకే సరిగా తెలిసేది కాదు.

కాని ఆమెకు నత్తి. మామూలు మాటలు తడబడుతూనైనా బయటపడేవి. ‘క’తోనో ‘ఖ’తోనో మొదలయ్యేవి గొంతులోనే పట్టేసేవి. ఖో-ఖోలో కూర్చున్న పిల్ల వీపు తట్టి ‘ఖో’ అనాలి. అంపైరుకు వినపడేలా అనాలి. అనకుండా అవతలి పిల్ల లేస్తే తప్పు. లోకంలో ఇన్ని ఆటలుండగా ఈ పిల్ల కాళ్లు దీన్నే కోరుకున్నాయి. తరగతిలో నోరెత్తని పిల్ల, ఎవరు పిలిచినా తల దించుకుపోయే పిల్ల, ఇక్కడికి వస్తే తల ఎత్తేది. ఈ ఒక్క చోటు పోతే ఆమెకు బడిలో ఇంకేమీ లేదు.

“ఓయ్ కొక్కొరొకో! తెల్లారిందటే?” అని పిల్లలు ఆట పట్టించేవాళ్లు.

ఆటలు నేర్పే విక్టోరియా మేడం నోరు పెద్దది. “కాళ్లిచ్చిన దేవుడు నోరివ్వటం మర్చిపోయాడే నీకు! జోను పోటీలకల్లా ఖో పలికిందా, టీములో ఉంటావు. పలకలేదా, మంచినీళ్ల సీసాలు మోస్తావు.”

ఆ సాయంత్రం నుంచి ఇన్నాసమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని సాధన చేసింది. “ఖ్... ఖ్...” మాట వచ్చేది కాదు. ఆ అదురు మాత్రం ఆమె చేతుల్లోంచి నా వేరుదాకా దిగేది. వేరు లేదని తెలుసు. అలవాటుకొద్దీ అంటున్నాను.

సంగతి తెలిసి సిస్టరు గారు ఆమె నాలుక కోసం తొమ్మిదో తరగతి చేత నవదిన ప్రార్థనలు చేయించారు. నవదినాలు ముగిశాయి. ఖో రాలేదు.

జట్టు నాయకురాలు కార్మెలు, పదో తరగతి. ప్రార్థన కంటే తొందర మనిషి. మేడం కాళ్లావేళ్లా పడి ఇన్నాసమ్మను జట్టులో ఉంచింది. “చేత్తో తట్టవే, చాలు. మిగతాది నేను చూసుకుంటా” అంది. ఎట్లా చూసుకుంటుందో ఇన్నాసమ్మకు చెప్పలేదు.

పోటీలు మా ఆటస్థలంలోనే జరిగాయి. ఆఖరి ఆట, ఆఖరి నిమిషాలు. ఎదుటి జట్టులో ఒకే పిల్ల మిగిలింది. ఆమె అవుటైతే షీల్డు మాది. ఇన్నాసమ్మ ఆమెను తరుముకుంటూ నా వైపు వచ్చింది. నా పక్క గడిలోనే కార్మెలు కూర్చుని ఉంది, అంపైరుకు వీపు పెట్టి. ఇన్నాసమ్మ ఆ వీపు మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది. గొంతు పట్టేసింది.

“ఖో!”

అన్నది కార్మెలు. తన వీపు తట్టినందుకు తనే ఖో చెప్పుకుని లేచింది. లేచి, చెయ్యి చాచి ఆ పిల్లను పట్టేసింది. అంపైరు చేతిని చూశాడు, మాట విన్నాడు, రెండూ ఒకరివే అనుకున్నాడు. ఈల ఊదాడు. బడి బడంతా లోపలికి విరగబడింది. విక్టోరియా మేడం చెప్పులు ఎక్కడో పోయాయి. ఇన్నాసమ్మను ఎత్తుకున్నారు. పైనుంచి ఆ పిల్ల తన అరచేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

ఇక్కడ సిస్టరు గారు ఒక పొరపాటు పడ్డారు. ఆ బడిలోనే, ఆవిడే పడగల పొరపాటు. ఖో వినపడింది కాబట్టి నాలుక తిరిగిందనుకున్నారు. నాలుక తిరిగింది కాబట్టి నవదినాలు ఫలించాయనుకున్నారు. “మాత విన్నదమ్మా, మన మొర విన్నది” అని అసెంబ్లీలో కళ్లు తుడుచుకున్నారు. పూలకుండీ తీసి షీల్డు పెట్టించారు. మేరీమాత పేర అక్టోబరంతా సాగే జపమాల నెల ముగింపు రోజున గుహ ముందు జపం చెప్పించే భాగ్యం ఇన్నాసమ్మదేనని ప్రకటించారు. ఏటా ఆ భాగ్యం బాగా చదివే పిల్లకే దక్కేది.

అప్పటినుంచి ఆ పిల్ల అన్నం సరిగా తినలేదని హాస్టలు పిల్లలు నా దగ్గర చెప్పుకున్నారు.

కార్మెలు మాత్రం ధీమాగా ఉంది. “జ్వరమని పడుకోవే. ఎవురికి తెలుస్తది? మన టీము మొత్తం నీ మీదే ఉంది, పాడు చెయ్యమాక.”

ఇన్నాసమ్మ పడుకోలేదు. ఆ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించారు. ఫాదరు గారు కుర్చీలో కూర్చున్నారు, బడంతా మోకరించింది. ఆ పిల్ల మైకు ముందుకు నడిచింది. మేరీమాతకు చెప్పే మంగళవార్త జపం ఎత్తుకుంటుందని అందరూ ఎదురుచూశారు. ఎంతసేపటికీ ఊపిరి చప్పుడే మైకులో వినపడింది. ఆనక ఇట్లా అంది:

“ఆ... ఆ రోజు ఖో నేను అనలా. కార్మెలక్క అంది.”

మోకరించిన వరసల్లో అందరూ కార్మెలు వైపు తిరిగారు. విక్టోరియా మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సిస్టరు గారు లేచి ఆ పిల్ల చేతిలోంచి మైకు తీసుకుని, “కూర్చో తల్లీ” అని తనే జపం మొదలుపెట్టారు. రెండుసార్లు మాట తప్పారు.

ఒక సంగతి అక్కడెవరూ పట్టించుకోలేదు. ‘ఖో’ అన్న మాటా, ‘కార్మెలు’ అన్న పేరూ ఆ పిల్ల నోటినుంచి ఎక్కడా తట్టుకోకుండా వచ్చాయి. నవదినాలు చేసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. తప్పు వినడంలో పడి అది వినలేదు.

ఆ తరవాత అంతా పద్ధతిగానే జరిగింది. షీల్డును గుడ్డలో చుట్టి ఎదుటి బడికి పంపేశారు. ఫాదరు గారు ప్రసంగంలో నిజాయితీ గొప్పదన్నారు. జట్టు పిల్లలు ఇన్నాసమ్మతో మాట్లాడటం మానేశారు. మేడం ఆమెను ఏమీ అనలేదు, ఆటకూ పిలవలేదు. కార్మెలు నాయకురాలి బిళ్ల తీసేశారు. బీరువాలోకి పూలకుండీ తిరిగొచ్చింది.

నా కాలమూ అయిపోయింది. చెదపట్టిందని నన్ను పీకి ఇనప గొట్టం పాతారు. హాస్టలు వంటసాల వెనక, కట్టెల పక్కన పడేశారు. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడు కూడా నేను అక్కడే ఉన్నాను. కార్మెలు ఊరికి పోతూ చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చింది. ఇన్నాసమ్మ అక్కడ పళ్లెం తోముకుంటూ ఉంది. కార్మెలే ముందు మాట్లాడింది.

“నీకోసమే గదే అన్నాను. నీ చెయ్యి వీపు మీద పడేసరికి ఆగలేకపోయా. నువ్వు చెప్పదలుచుకుంటే నాకు ముందు చెప్పొచ్చుగా? నేనే వచ్చి మైకులో ఒప్పుకునేదాన్ని. నలుగురిలో దొంగని చేశావు.” చేతులు తుడుచుకుంది. “మాటలన్నీ తడుముకుంటావు. నా పేరు మాత్రం అరటిపండు ఒలిచినట్టు వచ్చిందే నీకు!”

అయితే విన్నది ఒకతి ఉందన్నమాట.

ఇన్నాసమ్మ పళ్లెం కింద పెట్టి లేచింది. “క్... క్...”

కార్మెలు ఆగింది. బయట ఆటోలో వాళ్ల నాన్న కేకేశాడు. అయినా ఆగింది. ఆ పిల్ల మెడనరాలు బిగుసుకున్నాయి. “క్... క్...” రెండోసారి కేక వినపడింది. కార్మెలు పెట్టె ఎత్తుకుని, వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ గేటు వైపు పోయింది. ఆటో కదిలింది.

“కార్మెలక్కా!”

వంటమనిషి శౌరమ్మ బయటికి వచ్చింది. “ఎవుర్ని పిలుస్తన్నావే? ఎల్లిపోయిందిగా” అని, మధ్యాహ్నం ఎసటికి కట్టెలు చాలవని వంగి, నా కొస పట్టుకుని పొయ్యి దగ్గరికి ఈడ్చింది.